అప్పుకన్నా ముందు ఆర్డరు కావాలి

చిన్న పరిశ్రమలకు పెట్టుబడి ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న ఏటా బడ్జెట్ వేళ ముందుకొస్తుంది. అప్పు పుట్టే దారి చూపమని పరిశ్రమల సంఘాలు అడుగుతాయి. ప్రభుత్వం రుణ హామీ పరిమితి పెంచుతుంది. కేంద్రం, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు (సిడ్బీ) కలిసి 2000లో నెలకొల్పిన రుణ హామీ ట్రస్టు (సీజీటీఎంఎస్‌ఈ) పూచీతో తనఖా లేకుండా ఇచ్చే రుణాల గరిష్ఠ పరిమితి 2023లో రూ.2 కోట్ల నుంచి రూ.5 కోట్లకు పెరిగింది. దాన్ని రూ.10 కోట్లు చేస్తున్నట్లు 2025 బడ్జెట్ ప్రకటించింది. ముద్రా రుణ పరిమితి రూ.10 లక్షల నుంచి రూ.20 లక్షలకు చేరింది. ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సంస్థలు 6 కోట్లు దాటాయి. అయినా కొరత తీరలేదు. ఈ రంగానికి కావలసిన రుణానికీ అందుతున్నదానికీ మధ్య రూ.20-25 లక్షల కోట్ల తేడా ఉందని రిజర్వ్ బ్యాంకు నియమించిన యు.కె.సిన్హా కమిటీ 2019లోనే అంచనా వేసింది.

ఈ చర్చలో రెండు వేర్వేరు అవసరాలు కలగలిసిపోతున్నాయి. నడుస్తున్న యూనిట్‌లో ముడిసరుకుకు, జీతాలకు, కరెంటు బిల్లుకు కావలసిన సొమ్ము ఒకటి. ఇంతవరకూ చేయని వస్తువును తయారుచేసి, పరీక్షించి, మార్కెట్లో నిలబెట్టి చూడటానికి కావలసిన సొమ్ము మరొకటి. మొదటిది ఇవ్వడం బ్యాంకు పని. రెండోది దాని స్వభావానికే పడదు. కొత్త ప్రయోగం పదింటిలో ఏడెనిమిది విఫలమైనా, గెలిచిన ఒకటి రెండింటి లాభంలో వాటా ఉన్నవాడికి నష్టం పూడుతుంది. బ్యాంకుకు ఆ వాటా లేదు. ఎంత పెద్ద విజయం వచ్చినా దానికి దక్కేది నిర్ణయించిన వడ్డీ మాత్రమే, ఓడితే అసలూ పోతుంది. పైగా 90 రోజులు వాయిదా అందకపోతే ఆ ఖాతా మొండి బాకీల పద్దులో చేరుతుంది. ఏ కొత్త యంత్రమూ 90 రోజుల్లో రాబడి మొదలుపెట్టదు. వడ్డీ పెంచితే నష్టభయం ఎక్కువున్నవాళ్లే అప్పుకు ముందుకొస్తారని, అందుకే బ్యాంకులు వడ్డీ పెంచే బదులు రుణాలనే కుదిస్తాయని 1981లో స్టిగ్లిట్జ్, వైస్ సిద్ధాంతీకరించారు. కొత్త జ్ఞానం వల్ల కలిగే మేలంతా దాన్ని కనిపెట్టినవారికే దక్కదు కనుక, మార్కెట్‌కు వదిలేస్తే పరిశోధనపై పెట్టే ఖర్చు సమాజానికి అవసరమైన స్థాయి కన్నా తక్కువగానే ఉంటుందని 1962లోనే కెన్నెత్ ఆరో వాదించాడు. ప్రభుత్వ జోక్యానికి ఆధారం ఇక్కడుంది. ఏ రూపంలో జోక్యం చేసుకోవాలన్నదే అసలు వివాదం.

కొత్తదనానికి ఉండాల్సిన సొమ్ము చాలా యూనిట్లలో పాత బిల్లుల్లోనే ఇరుక్కుపోయి ఉంటుంది. చిన్న యూనిట్లకు వర్కింగ్ క్యాపిటల్ లెక్కించే పద్ధతిని నాయక్ కమిటీ రూపొందించింది. ఏడాది టర్నోవరులో 25 శాతం అవసరమవుతుందని, అందులో 20 శాతం బ్యాంకు ఇస్తే 5 శాతం యజమాని పెట్టుకోవాలని దాని సూత్రం. సరుకు కొన్నప్పటి నుంచి అమ్మిన సొమ్ము చేతికొచ్చేదాకా మూడు నెలలు పడుతుందన్న ఊహ దీని వెనక ఉంది. రూ.2 కోట్ల టర్నోవరున్న యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుంటే బ్యాంకు రూ.40 లక్షలు, యజమాని రూ.10 లక్షలు కలిపి రూ.50 లక్షలతో పని నడవాలి. కొనుగోలుదారు ఆలస్యం చేయడం వల్ల ఆ చక్రం అయిదు నెలలైతే కావలసింది సుమారు రూ.83 లక్షలు. తక్కువపడిన రూ.33 లక్షలను నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తే నెలకు రూ.66 వేలు, ఏడాదికి దాదాపు రూ.8 లక్షలు వడ్డీకే పోతుంది. ఒక కొత్త పనిముట్టు నమూనా చేయించి, పరీక్ష ఫీజులు కట్టి, పేటెంటుకు దరఖాస్తు చేయడానికి అలాంటి యూనిట్ పక్కన పెట్టగలిగే సొమ్ము కూడా ఇంచుమించు అంతే. పెద్ద కంపెనీ సొంత ఖర్చు తగ్గించుకోవడానికి బిల్లు ఆపితే, చిన్న యూనిట్‌లో ముందుగా ఆగిపోయేది ఈ ప్రయత్నమే. మన దేశంలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు రావాల్సిన ఆలస్యపు బకాయిలు రూ.10.7 లక్షల కోట్లని గేమ్, డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సంస్థలు 2022లో అంచనా వేశాయి. ఇది ఎదురు రుణం. వెనకబడ్డవాడు బలవంతుడికి వడ్డీ లేకుండా ఇస్తున్న అప్పు.

చట్టం లేక ఈ పరిస్థితి రాలేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా సొమ్ము చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని నెలవారీ చక్రవడ్డీగా కట్టాలి. ఫిర్యాదు వస్తే ఫెసిలిటేషన్ కౌన్సిల్ దాన్ని 90 రోజుల్లో తేల్చాలి. ఆ తీర్పుపై కోర్టుకెళ్లే కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమచేయాలి. కాగితం మీద ఇంత గట్టి చట్టం తక్కువ దేశాల్లో ఉంటుంది. ఆచరణలో, ఫిర్యాదు చేసిన మర్నాడే ఆర్డర్లు ఆగిపోతాయన్న భయం ముందు ఈ సెక్షన్లు నిలబడటం లేదు. ఒకే పెద్ద కంపెనీకి జాబ్‌వర్క్ చేసే యూనిట్ ఆ కంపెనీపై కేసు వేయడమంటే షెడ్డుకు తాళం వేసుకోవడమే. ఈ భారాన్ని ఫిర్యాదుదారు మీద నుంచి తప్పించడానికి 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) నిబంధన చేర్చింది. గడువు దాటాక బాకీ ఉన్న సొమ్మును చెల్లించేదాకా కొనుగోలుదారు ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. 2024-25 మదింపు సంవత్సరం నుంచి ఇది అమలులోకి వచ్చింది. ఆర్డర్లు పెద్ద సంస్థలకో నమోదు లేని సంస్థలకో తరలిపోతాయని భయపడి, దీన్ని వాయిదా వేయాలని కొన్ని వ్యాపార సంఘాలే కోరాయి. బేరమాడే బలం లేనిచోట హక్కు ఎంత బరువైపోతుందో ఈ విజ్ఞప్తులు తేల్చిచెప్పాయి. ఐరోపా సమాఖ్య కూడా 2011 ఆదేశంలో ప్రభుత్వ సంస్థలకు 30 రోజులు, కంపెనీలకు సాధారణంగా 60 రోజుల గడువు పెట్టింది. ఇరుపక్షాలూ ఒప్పుకొంటే కంపెనీల గడువు పొడిగించుకోవచ్చన్న వెసులుబాటు దాని పదును తగ్గించింది.

ఇంతకన్నా ఆశ కలిగించేది ట్రేడ్స్ విధానం. చిన్న సరఫరాదారు బిల్లును కొనుగోలుదారు ఆన్‌లైన్ వేదికపై అంగీకరిస్తే బ్యాంకులు దాన్ని వేలంలో తగ్గింపు ధరకు కొని వెంటనే సొమ్మిస్తాయి. తర్వాత కొనుగోలుదారు ఎగవేసినా సరఫరాదారు మీదికి రావు. అంటే చిన్న యూనిట్‌కు పెద్ద కంపెనీ పరపతి మీద తక్కువ వడ్డీకి సొమ్ము దొరుకుతుంది. రూ.500 కోట్లకు మించిన టర్నోవరున్న కంపెనీలు ఇందులో చేరాలన్న నిబంధనను 2024 బడ్జెట్‌లో రూ.250 కోట్లకు దించారు. అయితే చేరడం వేరు, బిల్లు అంగీకరించడం వేరు. సరుకు అందాక నిర్ణీత రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే బిల్లు అంగీకరించినట్లే లెక్కన్న నియమం పెట్టేదాకా ఈ వేదిక పూర్తి బలంతో పనిచేయదు.

బకాయిల బెడద తీరినా కొత్త ఆలోచనకు తొలి పెట్టుబడి ఎవరిస్తారన్న ప్రశ్న మిగులుతుంది. 2016లో మొదలైన స్టార్టప్ ఇండియా, సిడ్బీ నిర్వహిస్తున్న రూ.10 వేల కోట్ల నిధుల నిధి (ఫండ్ ఆఫ్ ఫండ్స్), 2024లో జరిగిన ఏంజెల్ పన్ను రద్దు వెంచర్ పెట్టుబడులకు ఊతమిచ్చిన మాట నిజమే. కానీ ఆ పెట్టుబడులు బెంగళూరు, దిల్లీ, ముంబయి చుట్టూ, అందులోనూ కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లు పెరిగే వ్యాపారాల చుట్టూ తిరుగుతాయి. ఏటా 15 శాతం పెరిగే పంపుల తయారీ యూనిట్ వాటి కంటికి ఆనదు. మేలైన ఆలోచన ఉన్నా అంతే. హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్‌కు కీలక దశలో పెట్టుబడి అందింది ఒమన్ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ నుంచి. ఆ సంస్థ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా ధరను సామాన్యుడికి అందేంతగా దించింది. చింతకింది మల్లేశం కథ ఇంకా చిన్న మొత్తానికి సంబంధించింది. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయాలంటే దారాన్ని అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ వేల సార్లు చేత్తో తిప్పాలి. నాలుగైదు గంటల ఆ పనితో నేత ఇళ్లలోని ఆడవాళ్ల భుజాలు పట్టేసేవి. దాన్ని గంటన్నరకు తగ్గించే యంత్రం తయారు చేయడానికి ఆయనకు 1992 నుంచి 1999 దాకా పట్టింది. పగలు కూలి పని, మిగిలిన వేళల్లో విడిభాగాల తయారీ. తర్వాత పేటెంటు, 2017లో పద్మశ్రీ వచ్చాయి. ఆ ఏడేళ్లలో చిన్నపాటి గ్రాంటు, వాడుకోవడానికి ఒక వర్క్‌షాపు అందుబాటులో ఉంటే ఎన్నేళ్లు మిగిలేవో ఊహించవచ్చు.

పట్టుదల, చొరవ మనవాళ్లకు తక్కువన్న వాదన ఒకప్పుడు గట్టిగా వినపడేది. దాన్ని పరీక్షించింది తెలుగు నేల మీదే. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలండ్ 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని సియెట్ సంస్థ (నేటి ని-ఎంఎస్‌ఎంఈ)లో శిక్షణ ఇప్పించాడు. శిక్షణ పొందినవారు తర్వాతి కాలంలో మిగిలినవారికన్నా ఎక్కువగా వ్యాపారం విస్తరించారని తేలింది. కొద్దిరోజుల ప్రోత్సాహానికే చలించే చొరవ ఆ వ్యాపారుల్లో అప్పటికే ఉందన్నమాట. ఆ చొరవకు తోడుగా ఆర్డరు దొరికితే ఏమవుతుందో బాలానగర్ చెబుతుంది. 1970లో అక్కడ మొదలైన ఎంటార్ సంస్థ అణుశక్తి విభాగానికి, ఆపైన ఇస్రోకు కష్టమైన విడిభాగాలు చేసిపెడుతూ ఎదిగింది. ‘ఇది చేసిపెట్టండి, కొంటాం’ అన్న కొనుగోలుదారు ఉండటం దాని ఎదుగుదలకు ఆయువుపట్టు.

ఆ సూత్రాన్నే అమెరికా చట్టంగా మార్చింది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో రోలండ్ టిబెట్స్ 1970ల్లో రూపొందించిన పథకాన్ని 1982లో కాంగ్రెస్ అన్ని పెద్ద పరిశోధక విభాగాలకూ విస్తరించింది. దాని పేరు స్మాల్ బిజినెస్ ఇన్నోవేషన్ రిసెర్చ్, క్లుప్తంగా ఎస్‌బీఐఆర్. బయటి సంస్థలతో చేయించే పరిశోధనకు ఏటా 10 కోట్ల డాలర్లకు మించి ఖర్చు పెట్టే ప్రతి ఫెడరల్ విభాగమూ అందులో 3.2 శాతాన్ని 500 మంది లోపు సిబ్బంది ఉన్న సంస్థలకు కేటాయించాలి. తనకు తీరని సమస్య ఏమిటో విభాగమే ప్రకటిస్తుంది. ఆలోచన పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి మొదటి దశలో సుమారు 3 లక్షల డాలర్ల దాకా, నిలిచినవారికి నమూనా అభివృద్ధి కోసం రెండో దశలో సుమారు 20 లక్షల డాలర్ల దాకా ఇస్తారు. ప్రభుత్వం వాటా అడగదు, మేధోహక్కు సంస్థ దగ్గరే ఉంటుంది. మూడో దశలో ఈ పథకం సొమ్ము ఉండదు. కానీ పోటీ మొదటే జరిగిపోయింది కనుక మళ్లీ టెండరు లేకుండా విభాగం ఆ వస్తువును నేరుగా కొనవచ్చు. క్వాల్‌కామ్, సిమాంటెక్ తొలిరోజుల్లో ఈ సాయం పొందినవే.

ఈ పథకాన్ని నిశితంగా పరీక్షించిన అధ్యయనాలున్నాయి. ఇంధన శాఖ గ్రాంట్లపై సబ్రీనా హోవెల్ 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం మొదటి దశ గ్రాంటు దక్కిన సంస్థకు తర్వాత వెంచర్ పెట్టుబడి దొరికే అవకాశం ఇంచుమించు రెట్టింపైంది. పెద్ద మొత్తమిచ్చే రెండో దశ వల్ల అలాంటి ఫలితం కనిపించలేదు. నమూనా చేసి అనిశ్చితిని తొలగించడానికి సరిపడే చిన్న మొత్తమే అసలు మేలు చేసింది. అంతకుముందు 1999లో జోష్ లెర్నర్ మరో హెచ్చరిక చేశాడు. గ్రాంటు పొందిన సంస్థలు వేగంగా పెరిగినా ఆ పెరుగుదల వెంచర్ పెట్టుబడులున్న ప్రాంతాలకే పరిమితమైంది, పదేపదే గ్రాంట్లు గెలిచినందువల్ల అదనపు మేలు లేదు. గ్రాంటు దరఖాస్తులు రాయడంలో ఆరితేరి, వస్తువు అమ్మని సంస్థలు పుట్టుకొస్తాయన్న భయం ఉట్టిది కాదు. మొత్తం తక్కువ, గ్రహీతలు ఎక్కువ, గెలుపుల సంఖ్యకు పరిమితి - ఈ మూడూ మన పథకాలకు పునాది కావాలి.

ఇజ్రాయెల్ దారి వేరు. 1984 చట్టం కింద ప్రభుత్వం పరిశోధన ఖర్చులో కొంత భరిస్తుంది. వస్తువు విజయవంతమైతే అమ్మకాలపై కొద్ది శాతం రాయల్టీగా తిరిగి కట్టాలి, విఫలమైతే కట్టనక్కర్లేదు. ఇది అప్పుకూ గ్రాంటుకూ మధ్య రకం. నష్టాన్ని పంచుకుంటూనే గెలిచినవారి నుంచి నిధిని మళ్లీ నింపుతుంది. 1993లో 10 కోట్ల డాలర్లతో మొదలైన యోజ్మా పథకంలో పది వెంచర్ నిధులు ఏర్పడ్డాయి. ఒక్కో దానిలో ప్రభుత్వానికి 40 శాతం దాకా వాటా. నిర్ణీత గడువులోగా ఆ వాటాను ముందే కుదిరిన ధరకు కొనుక్కునే హక్కు ప్రైవేటు భాగస్వాములకు ఇచ్చారు. లాభం వారికి వదిలేసి, సమర్థులైన మదుపరులను ప్రభుత్వం రప్పించుకుంది. కొన్నేళ్లకే తన వాటా అమ్మి తప్పుకొంది కూడా. ప్రభుత్వ పెట్టుబడికి తప్పుకునే తేదీ ముందే ఉండటం అరుదైన క్రమశిక్షణ.

జర్మనీలో ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం స్థానిక బ్యాంకు చేతుల మీదుగా వెళుతుంది, ఆ బ్యాంకుకు కంపెనీ చరిత్ర తరాలుగా తెలుసు. ప్రయోగశాల పెట్టుకోలేని కంపెనీకి ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థలున్నాయి. దక్షిణ కొరియాలో 1989లో ఏర్పాటైన కిబో, ఆస్తికి బదులు సాంకేతికతను మదింపు చేసి రుణానికి హామీ పడుతుంది. జపాన్ అనుభవం గుణపాఠం. 1998 సంక్షోభంలో రుణం మొత్తానికీ హామీ ఇవ్వడంతో బ్యాంకులు పరిశీలన మానేశాయి, ఎప్పుడో మూతపడాల్సిన కంపెనీలు అప్పులతోనే బతికాయి. 2007లో హామీని సాధారణంగా 80 శాతానికి కుదించారు. మన హామీ పరిమితిని రూ.10 కోట్లకు తీసుకెళ్లేటప్పుడు నష్టంలో బ్యాంకు వాటా నామమాత్రం కాకుండా చూడాలనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

చిన్న సంస్థలకు ఇచ్చే సాయంపై స్వదేశంలోనూ గట్టి అభ్యంతరం ఉంది. 2018-19 ఆర్థిక సర్వే పదేళ్లు దాటినా వంద మంది కార్మికుల్లోపే ఉండిపోయిన సంస్థలను మరుగుజ్జులంది. వ్యవస్థీకృత తయారీ రంగంలో సంఖ్యలో సగం అవే అయినా ఉపాధిలో వాటి వాటా 14 శాతం, విలువ జోడింపులో 8 శాతం లోపు. పరిమాణాన్ని బట్టి ఇచ్చే రాయితీలే వాటిని చిన్నవిగా ఉంచుతున్నాయని, వయసును బట్టి ఇవ్వాలని సర్వే వాదించింది. ఆ వాదనలో బలముంది. 2025 ఏప్రిల్ నుంచి నిర్వచనాల పరిమితులు పెంచడం (చిన్న సంస్థకు పెట్టుబడి రూ.25 కోట్లు, టర్నోవరు రూ.100 కోట్లు) ఎదగడానికి జంకే సమస్యను కొంత వెనక్కి నెట్టింది. కానీ వయసు ఒక్కటే కొలమానమైతే పాతికేళ్ల లేత్ షాపు కొత్త వాల్వు తయారు చేయబూనినా సాయం అందదు. సాయం సంస్థకు కాక ప్రయత్నానికి అందేలా ఉంటే ఈ చిక్కు రాదు. నెదర్లాండ్స్ 2004లో అదే చేసింది. 7,500 యూరోల విలువైన వోచర్లను లాటరీ తీసి చిన్న సంస్థలకు పంచింది. విశ్వవిద్యాలయంలోనో పరిశోధన సంస్థలోనో సమస్య పరిష్కరించుకోవడానికే అవి చెల్లుతాయి. లాటరీ ఓడినవారితో పోల్చితే, పది వోచర్లలో ఎనిమిది అవి లేకుంటే జరగని పనులకే ఖర్చయ్యాయని తేలింది. గెలిచే గుర్రాన్ని అధికారులు ముందే ఎంచలేరన్న విమర్శకు ఇది తిరుగులేని జవాబు.

మన దేశంలో ఎస్‌బీఐఆర్‌కు దగ్గరి బంధువు రక్షణ శాఖ 2018లో ప్రారంభించిన ఐడెక్స్. సైన్యం సమస్య చెబుతుంది, అంకుర సంస్థలు, చిన్న పరిశ్రమలు పరిష్కారం ప్రతిపాదిస్తాయి, మొదట్లో రూ.1.5 కోట్ల దాకా గ్రాంటు ఇచ్చేవారు. జీవసాంకేతిక రంగంలో ప్రభుత్వ సంస్థ బైరాక్ రూ.50 లక్షల దాకా ఇస్తోంది. మిగిలిన శాఖల్లో ఇలాంటి ఏర్పాటు పలుచన. కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి చేయాలన్న నిబంధన ఉన్నా, అది తెలిసిన వస్తువులకే ఉపయోగపడుతోంది. కొత్త వస్తువుకు ఎదురయ్యేవి మూడేళ్ల అనుభవం అడిగే టెండరు షరతులు, అందరికన్నా తక్కువ కోట్ చేసినవాడికే పని దక్కే ఎల్-1 పద్ధతి. రక్షణ రంగంలోనైతే ఖర్చు తయారీదారే పెట్టుకోవాల్సిన, కొంటామన్న హామీ లేని పరీక్షలూ ఉన్నాయి. అంకుర సంస్థలకు అనుభవ షరతు సడలించినా, రేపు ఆడిట్ అడుగుతుందన్న భయంతో అధికారి పాత సరఫరాదారు వైపే మొగ్గుతాడు. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు. కొత్త వస్తువు కొని విఫలమైతే శిక్ష ఉంది, కొనకపోతే ఏ శిక్షా లేదు. ప్రయోగ కొనుగోళ్లకు విడి పద్దు, అందులో కొంత వైఫల్యం సహజమేనని ముందుగా రాసిపెట్టిన నియమం, పరీక్షలో నెగ్గిన వస్తువును నేరుగా కొనే అధికారం ఉంటే ఆ భయం తొలగుతుంది.

2025లో కేంద్రం ఆమోదించిన రూ.లక్ష కోట్ల పరిశోధన, అభివృద్ధి, నవకల్పన పథకం ఈ లోటును కొంతే తీరుస్తుంది. అది ప్రయోగశాల దశ దాటి పరిణతి సాధించిన సాంకేతికతలకు తక్కువ వడ్డీ దీర్ఘకాల రుణాలు, వాటా పెట్టుబడులు ఇవ్వడానికి ఉద్దేశించింది. జీడీపీలో పరిశోధన ఖర్చు 0.64 శాతం దగ్గరే ఆగిన దేశానికి ఇది అవసరమే. హోవెల్ అధ్యయనం మేలు చూపిన తొలి దశ, అంటే లక్షల్లో ఉండే చిన్న మొత్తాల దశ, దీని పరిధికి బయటే ఉంది.

రాష్ట్రాలు ఇక్కడ చొరవ తీసుకోవచ్చు. తెలంగాణలో నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్, బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, విశాఖలో వైద్య పరికరాలకు ఉమ్మడి పరీక్షా కేంద్రాలున్న మెడ్‌టెక్ జోన్ ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. చిన్న యూనిట్ల చేతికి వోచర్లిస్తే వాటి గేట్లు తమంత తామే తెరుచుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో నియోజకవర్గానికొకటి చొప్పున తలపెట్టిన 175 పారిశ్రామిక పార్కుల్లో ప్లాట్లకన్నా ముందు ఆ ప్రాంతపు పరిశ్రమకు కావలసిన పరీక్షా యంత్రాలు రావాలి. డిస్కంలు, ఆర్టీసీలు, సింగరేణి, పురపాలక సంస్థలు ఏటా తమను వేధించే సమస్యలు ప్రకటించి, కొనుగోళ్లలో ఒక శాతాన్ని వాటికి కొత్త పరిష్కారాలు తెచ్చే చిన్న సంస్థల ప్రయోగ ఆర్డర్లకు కేటాయించవచ్చు. దీనికి కొత్త సొమ్ము అక్కర్లేదు, ఉన్న ఖర్చును దారి మళ్లించడమే. దాంతోపాటు రాష్ట్ర ప్రభుత్వాలు తమ సొంత బకాయిలు తీర్చాలి. ఏళ్ల తరబడి పేరుకున్న పారిశ్రామిక ప్రోత్సాహకాలు, సరఫరాదారుల బిల్లులు చెల్లించకుండా కొత్త రాయితీలు ప్రకటిస్తే బ్యాంకులు వాటిని లెక్కలోకి తీసుకోవు. ప్రభుత్వ శాఖలు కూడా ట్రేడ్స్ వేదికపై బిల్లులు అంగీకరించే పద్ధతి తెస్తే ఆ సమస్యలో పెద్ద భాగం కొత్త చట్టం లేకుండానే తీరుతుంది. తొలి మూడేళ్లు వోచర్లను లాటరీ పద్ధతిలోనే ఇచ్చి, గెలిచినవారినీ ఓడినవారినీ పోల్చి ఫలితాలు ప్రచురిస్తే, పథకం కొనసాగించాలా మానాలా అన్నది ఆ లెక్కలే తేలుస్తాయి.